చల్లారేదాకా

చెంపదెబ్బ గట్టిగానే పడింది. కొలతల గదిలో ఉన్నవాళ్ళందరూ ఒక్కసారి తలలు తిప్పారు.

కొట్టింది తల్లి. తిన్నది ఎనిమిదేళ్ళ కూతురు. కొట్టమని ఎవరూ అనలేదు. కానీ ఎదురుగా కుర్చీలో ఉన్న ఇన్‌ఛార్జి, విరిగిన ప్లాస్టిక్ కాలి తొడుగుని బల్ల మీద అటూ ఇటూ దొర్లించి, "ఇది మూడోది. మీరు పిల్లని అదుపులో పెట్టకపోతే మేమేం చెయ్యగలం?" అన్నాక, తనకి అదుపులో పెట్టడం వచ్చని ఆ తల్లి చూపించుకోవాలి కదా. అందుకని కొట్టింది.

పిల్ల ఏడవలేదు. చెంప మీద చెయ్యి పెట్టుకుని, "నేను గెంతలేదమ్మా. కూర్చునే ఉన్నా," అంది.

"నోర్ముయ్."

గది మూల నేల మీద కూర్చుని ఇంకో పిల్లవాడి కాలికి పట్టీ బిగిస్తున్న కాళ్ళత్త చేతులు ఆగిపోయాయి.

ఆవిడకీ ఒక పేరుంది గానీ, అది హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. ఆస్పత్రి వెనకవైపున్న ఈ వర్క్‌షాపులో ఆవిడ చేసేది పిల్లల కాళ్ళకి ప్లాస్టిక్ తొడుగులు. పాదం వేలాడిపోయే పిల్లలూ, మడమ నేలకి ఆనని పిల్లలూ వస్తారు. మోకాలి కింద నుంచి వేళ్ళ దాకా, వెనకవైపు నుంచి కాలిని పొదివి పట్టుకుని నిలబెడుతుంది ఆ తొడుగు. దాని మీద బూటు వేసుకుని పిల్లలు నడిచిపోతారు. ఎప్పుడో ఒక పిల్ల కాళ్ళిచ్చే అత్త అనుకుని 'కాళ్ళత్తా' అని పిలిచింది. ఆ తర్వాత పెద్ద డాక్టరు కూడా అలాగే పిలవడం మొదలుపెట్టాడు.

"సార్, అది గెంతితే విరిగే చోటు కాదు," అంది లేవకుండానే.

ఇన్‌ఛార్జి కళ్ళు మూసి తెరిచాడు. "మళ్ళీ మొదలుపెట్టారా మేడమ్?"

"మొదలుపెట్టింది నేను కాదు. మీ ఒక్కరోజు పద్ధతి."

"ప్లాస్టిక్ షీటు మారిందా? అదే కంపెనీ, అదే మందం. ఓవెన్ అదే. అచ్చు పోసేది మన ప్లాస్టర్ తాతే. తొడిగేది మీరే. ఇన్ని మారకుండా ఉంటే తొడుగెలా మారుతుంది?"

"చల్లారే తీరు మారింది."

"చల్లారడం కూడా ఒక పనేనా మేడమ్? ఆ పని ఎవరు చేస్తారు?"

ఎవరో కిసుక్కున నవ్వారు. కాళ్ళత్తకి అరికాలి మంట నెత్తికెక్కింది.

ఇన్‌ఛార్జి వచ్చి ఏడాది కాలేదు. మనిషి చెడ్డవాడు కాదు. ఆవిడకి అదే పెద్ద చిక్కు. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేది. అతను రాకముందు తొడుగు కావాలంటే రెండు రోజులు పట్టేది. ఒకరోజు అచ్చు తీసి ప్లాస్టిక్ వేసి వదిలేస్తే, మర్నాడు కోసి తొడిగేవాళ్ళు. ఎక్కడెక్కడి నుంచో బస్సుల్లో వచ్చినవాళ్ళు వరండాలో చాపలు పరుచుకుని పడుకునేవాళ్ళు. అతను వచ్చిన కొత్తల్లో ఒక పొద్దున్నే ఆ వరండాలో నడిచి, పడుకున్న పిల్లల్ని దాటుకుంటూ లోపలికొచ్చి, "ఇది ఆపాలి," అన్నాడు. ఆపాడు కూడా. ఇప్పుడు పొద్దున వచ్చినవాళ్ళు సాయంత్రానికి తొడుగు వేసుకుని ఇంటికి పోతున్నారు. ప్లాస్టిక్ వేడి మీద ఉండగానే నీళ్ళు పోసి, చల్లబడీ చల్లబడకుండా అచ్చు మీంచి కోసి తీసేస్తున్నారు. అదీ ఒక్కరోజు పద్ధతి.

"నిర్లక్ష్యం వల్ల పాడైతే మళ్ళీ వరుసలో మొదట్నించీ రావాలమ్మా," అన్నాడు తల్లితో, గొంతు కొంచెం తగ్గించి. "రూలు నేను పెట్టింది కాదు."

"ఎన్నాళ్ళు పడుతుంది సార్?"

"వానాకాలం అయ్యాక కనుక్కోండి."

తల్లి లాండ్రీలో ఇస్త్రీ చేసే మనిషి. ముంజేతుల మీద పాతవీ కొత్తవీ కాలిన మచ్చలు. కూతుర్ని చంకలోకి ఎత్తుకోబోయింది గానీ, ఎనిమిదేళ్ళ పిల్ల బరువు ఆగక మళ్ళీ దింపేసింది.

కాళ్ళత్త వాళ్ళ వెనకే వరండాలోకి వచ్చింది. ఆ పిల్లని ఇంట్లో పిట్ట అంటారు. సన్నగా ఉంటుంది, నోరు మూతపడదు.

"ఎలా విరిగిందే పిట్టా?"

"బళ్ళో ఆటల పీరియడ్‌లో నన్ను బెంచీ మీదే కూర్చోమన్నారు. మొదటిది విరిగిందిగా, అందుకని. కూర్చున్నా. రెండోది విరిగింది. ఇంట్లో కూడా కూర్చోమన్నారు. కూర్చున్నా. లేచేసరికి టప్‌మంది." చెంప ఇంకా ఎర్రగానే ఉంది. "కూర్చోవడం కూడా తప్పేనా అత్తా?"

కాళ్ళత్త విరిగిన తొడుగు తీసుకుని కిటికీ వెలుగులో పట్టుకుంది. చీలమండ లోపలివైపు పగులు. పగులుకి అటూ ఇటూ సున్నం రాసినట్టు తెల్లటి మరక.

"నా దగ్గర ఉంచుతాను. మళ్ళీ కబురు చేస్తాను," అంది తల్లితో.

"వానాకాలం అయ్యాకన్నారుగా," అంది తల్లి. ఎవరి మీదా కోపం లేనట్టు, అసలు ఓపికే లేనట్టు అంది.

*

ఆ మాట కాళ్ళత్తని రోజంతా పొడుస్తూనే ఉంది.

వర్క్‌షాపులో మధ్యాహ్నం ఓవెన్ తలుపు తీసేసరికి మొహం మీదకి వేడి కొట్టింది. లోపల షీటు అప్పటికే మారిపోయింది. ఓవెన్లోకి వెళ్ళేటప్పుడు పాలలా తెల్లగా, గట్టిగా ఉండే షీటు, సరిగ్గా కరిగే వేళకి గాజులా అవతలి వస్తువు కనపడేట్టు అవుతుంది. ఎన్నేళ్ళుగా చూస్తున్నా ఆ మార్పు ఆవిడకి ముచ్చటగానే ఉంటుంది. చేతి తొడుగులు వేసుకుని తాత ఒకవైపు, తనొకవైపు పట్టుకుని, వేలాడుతున్న షీటుని ప్లాస్టర్ కాలి మీద కప్పారు. అంచులు రెండూ కలిపి నొక్కగానే అతుక్కుపోయాయి. తాత పంపు మీట నొక్కాడు. లోపలి గాలంతా పోయి, ప్లాస్టిక్ ప్లాస్టర్ని కరుచుకుపోయింది. వేళ్ళూ, మడమా, చీలమండ ఎముకా అన్నీ తేలాయి.

"నీళ్ళు పోయనా అమ్మాయ్?" అన్నాడు తాత. ప్లాస్టర్ పని ఆయనదే. కనుబొమ్మల మీద ఎప్పుడూ తెల్లటి పొడి ఉంటుంది. సగం వినపడదు, మిగతా సగం వినపడనట్టు నటిస్తాడు.

"ఆగు తాతా."

"ఆగితే సారు ఊరుకుంటాడా?"

కాళ్ళత్త ఆగింది. గాజులా ఉన్నది అంచుల దగ్గర్నుంచి మెల్లగా పాలలా మారుతోంది. ఎందుకలా మారుతుందో శిక్షణలో చెప్పారు. కరిగినప్పుడు దాని లోపలి పోగులన్నీ చిక్కుపడి ఇష్టమొచ్చినట్టు తిరుగుతాయి. చల్లారేటప్పుడు మడతలు పెట్టుకుంటూ వరుసల్లో సర్దుకుంటాయి. నిదానంగా చల్లారితే వరుసలు ఎక్కువ, గట్టితనం ఎక్కువ. ఉన్నట్టుండి నీళ్ళు పోస్తే సర్దుకోకుండానే బిగుసుకుపోతాయి. అంతా అదే ప్లాస్టిక్, కానీ లోపల అదే కాదు. ఇంత చిన్న విషయం ఆ మనిషి బుర్రకెక్కించలేకపోతున్నానని ఆవిడ బాధ. రెండు నెలలుగా నీళ్ళు వద్దు, నీళ్ళు వద్దు అని మొత్తుకుంటోంది.

సరే, మాటలతో లాభం లేదు, చూపిద్దాం అనుకుంది. ఒకే షీటులోంచి రెండు పట్టీలు కోసి, రెండూ ఓవెన్లో కరిగించింది. ఒకదాన్ని బకెట్లో ముంచింది. రెండోదాన్ని గుడ్డ కప్పి బల్ల కింద వదిలేసింది.

మర్నాడు పొద్దున టీ వేళకి అందర్నీ పిలిచింది. ఇన్‌ఛార్జి కూడా వచ్చాడు, కప్పు చేత్తో పట్టుకుని. రెండు పట్టీలూ పక్కపక్కన బల్ల అంచున ఉన్న ఇనప పట్టులో బిగించి, ఒకదాని తర్వాత ఒకటి మడుస్తూ, విప్పుతూ మొదలుపెట్టింది.

"ఇది నీళ్ళలో ముంచింది. చూడండి."

మడిచింది. విప్పింది. మడిచింది. పట్టీ చక్కగా వంగుతోంది, చక్కగా తిరిగొస్తోంది. నుదుటి మీద చెమట పట్టింది. ఇంకాసేపు వంచింది. దానికి చీమ కుట్టినట్టయినా లేదు.

"రెండోది?" అన్నాడు ఇన్‌ఛార్జి.

రెండోది గట్టిగా ఉంది. వంచడానికే బలం కావాల్సి వచ్చింది. మడత దగ్గర తెల్లబడింది. ఇంకాస్త వంచింది. ఇంకాస్త. టప్‌మని విరిగి ఒక ముక్క ఎగిరి తాత కాళ్ళ దగ్గర పడింది.

తాత వంగి ముక్క తీశాడు.

"అమ్మాయ్, ముక్కలు తారుమారు కాలేదు కదా?" అన్నాడు తాత, ఆవిడని కాపాడదామని.

"కాలేదు."

ఇన్‌ఛార్జి నవ్వితే బాగుండేది. నవ్వలేదు. "మేడమ్, మీరు మంచిదన్న ముక్కే ముందు విరిగింది," అన్నాడు చాలా మర్యాదగా, జ్వరమొచ్చిన మనిషితో మాట్లాడినట్టు. "మీ బాధ నాకు అర్థమవుతోంది. కానీ బయట ఇవాళ పధ్నాలుగు మంది కూర్చుని ఉన్నారు. మనం పని చూసుకుందామా?"

ఆ మర్యాద ఆవిడకి పిట్ట తిన్న చెంపదెబ్బకంటే గట్టిగా తగిలింది.

*

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి భర్త వంటగదిలో కూరలు తరుగుతున్నాడు. బస్సు డ్రైవరు. పొద్దుటి డ్యూటీ ఉన్నరోజు సాయంత్రం వంట ఆయనదే. ఆవిడ చేతి సంచీ గోడకి తగిలించకుండానే కుర్చీలో కూలబడి, సంచిలోంచి నీళ్ళలో ముంచిన పట్టీ తీసి మళ్ళీ మడవడం మొదలుపెట్టింది.

"ఆఫీసు పని ఇంటికి తెచ్చుకునేవాళ్ళని చూశాను. కాయితాలు తెచ్చుకుంటారు," అన్నాడు ఆయన. "అదేమిటి?"

"నా పరువు."

"బాగా వంగుతోందే."

ఆవిడ పట్టీని విసిరి గోడకేసి కొట్టింది. అది గోడకి తగిలి, ఏమీ కానట్టు గచ్చు మీద పడి ఊగింది.

"దాన్ని విరగ్గొట్టేదాకా భోజనం లేదా మనకి?"

"మీకన్నీ వేళాకోళాలే. రెండు నెలలు. రెండు నెలలుగా చిలక్కి చెప్పినట్టు చెబుతున్నాను నీళ్ళు వద్దు అని. ఇవాళ అందరి ముందూ నా మొహాన నేనే పేడ కొట్టుకున్నాను. ఇప్పుడు ఆ పిల్ల గెంతే విరగ్గొట్టిందని అందరికీ ఖాయమైపోయింది. నేను నోరు మూసుకుని ఉంటే కనీసం అనుమానమైనా మిగిలేది."

ఆయన కత్తి కింద పెట్టాడు. "పిల్ల గెంతిందేమో?"

"గెంతలేదు!"

ఆవిడ అరిచిన అరుపుకి పక్కవాళ్ళ కుక్క మొరిగింది. ఆయన ఇంకేం అడగకుండా కూరగాయలు మళ్ళీ ముందుకి లాక్కున్నాడు. కాసేపటికి ఆవిడ లేచి, ఆయన పక్కనే నిలబడి గిన్నెలు కడగడం మొదలుపెట్టింది. కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. రేపట్నించి తన పనేదో తను చేసుకుంటుంది, అంతే. ఎవరికీ ఏమీ చెప్పదు.

*

మర్నాడు ఆ మాట నిలబెట్టుకుంది కూడా. పొద్దుట్నించీ "ఊఁ", "సరే" తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. తాత రెండుసార్లు జోకులేసి, ఫలితం లేక, తన ప్లాస్టర్ బస్తాల దగ్గరకి పోయాడు.

మధ్యాహ్నం దాటాక ఒక పిల్లవాడి తొడుగు ఫిట్టింగుకి వచ్చింది. అచ్చు మీంచి తీసి గంట కాలేదు. పట్టుకుంటే అప్పుడే ఇస్త్రీ చేసిన చొక్కాలా వెచ్చగా ఉంది. కాలికి పెట్టి చూసింది. ఎప్పటిలాగే తేడా. మడమ దగ్గర కోణం కాస్త విచ్చుకుంది. పాదం నిలబడాల్సిన చోట నిలబడకుండా కిందికి దిగుతోంది. ఈ మధ్య ప్రతీ తొడుగుకీ ఇదే. దానికి మందు హీట్ గన్. వేడిగాలి ఊదే ఆ గన్ తీసుకుని చీలమండ దగ్గర కాసేపు ఊది, మెత్తబడగానే రెండు చేతులతో లాగి, సరైన కోణానికి తెచ్చి, తడిగుడ్డ అద్దుతుంది. రెండు నిమిషాల పని. ఆవిడ చేసినంత చక్కగా ఎవరూ చెయ్యలేరని పేరు.

గన్ అందుకోబోతుంటే వెనకాల గరగరమని చప్పుడైంది. ఇన్‌ఛార్జి. తుక్కు డ్రమ్ముని నేల మీద ఈడ్చుకుంటూ వస్తున్నాడు. చొక్కా చేతులు పైకి మడిచి ఉన్నాయి, టై లేదు. డ్రమ్ము వొంచి, విరిగి వెనక్కొచ్చిన తొడుగులన్నీ నేల మీద కుమ్మరించాడు. తర్వాత ఒక్కొక్కటీ తీసి వరుసగా పేర్చడం మొదలుపెట్టాడు. ఎడమ కాళ్ళు ఒకవైపు, కుడి కాళ్ళు ఒకవైపు.

"ఏంటి సార్ ఇది?" అంది, ఒట్టు తీసి గట్టున పెట్టి.

"రాత్రంతా మీ పట్టీలే తిరిగాయి బుర్రలో. మీరు అబద్ధం చెప్పే మనిషి కాదు. ముక్క కూడా అబద్ధం చెప్పలేదు. మరి ఇన్ని ఎందుకు విరిగాయి?" నేల మీద చూపించాడు. "నీళ్ళే కారణమైతే ఎక్కడపడితే అక్కడ పగలాలి కదా మేడమ్. నీళ్ళు తొడుగంతా పడతాయి. ఇవి చూడండి. అన్నీ ఒక్కచోటే పగిలాయి."

ఆవిడ చూసింది. నిజమే. పెద్దవీ చిన్నవీ, అన్నిట్లోనూ చీలమండ లోపలివైపే. అన్నిట్లోనూ తెల్లటి మరక.

"అక్కడ పల్చబడుతుందేమో, పంపు పీల్చేటప్పుడు," అన్నాడు.

"పల్చబడితే బయటివైపు కూడా పగలాలి," అంది ఆవిడ పరధ్యానంగా.

అలవాటు మీద చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. గన్ ఊదింది. ప్లాస్టిక్ కాస్త మెత్తబడింది. కరగలేదు, గాజులా కాలేదు, ఊరికే మెత్తబడింది. బొటనవేలు చీలమండ లోపలివైపు ఆనించి, రెండు చేతులా లాగింది.

బొటనవేలి కింద, ఆవిడ చూస్తుండగానే, మంచు పట్టినట్టు తెల్లటి గీత తేలింది.

గన్ ఆపేసింది.

 నేల మీదున్న తొడుగుల్లోంచి ఒకటి తీసుకుని, దాని మరక మీద తన బొటనవేలు పెట్టి చూసింది. ఇంకోటి తీసుకుంది. దాని మీద కూడా సరిగ్గా కూర్చుంది. పిట్ట తొడుగు విడిగా తన సొరుగులో ఉంది. అది తీసి చూడక్కర్లేకపోయింది. ఇదంతా తన చేతిరాతే. తను సంతకం పెట్టి మరీ పంపింది, ఒక్కో పిల్ల కాలికీ.

"సార్," అంది. అతను తల ఎత్తలేదు. మళ్ళీ అంది. "సార్, నేను లాగేది ఇక్కడే."

అతను లేచి వచ్చాడు. గీత చూశాడు. ఆవిడ మొహం చూశాడు.

"ఒక్కచోట వేడి చేసి లాగితే, ఆ చుట్టూ ఉన్నదంతా చల్లగా బిగుసుకునే ఉంటుంది. పూర్తిగా కరిగితే లోపల కొత్తగా సర్దుకునేది. కరగదు. ఊరికే మెత్తబడుతుంది. నేను లాగితే సర్దుకున్న వరుసలు చెదిరి సాగుతాయి. అలా సాగిన చోటే రోజూ పాదం వంగుతుంది."

"మరి ఎందుకు లాగుతున్నారు?"

"లాగకపోతే కోణం రావట్లేదు."

"ఇదివరకు లాగేవారా?"

"ఇదివరకు ఈ గన్ ఎక్కడుందో కూడా నాకు గుర్తుండేది కాదు." అప్పుడు వచ్చింది ఆవిడకి అసలు మాట.  "చల్లారేటప్పుడు ఇది ముడుచుకుంటుంది సార్. అచ్చు మీద ఉంటే అచ్చు దాన్ని పట్టుకుని ఉంచుతుంది. ముడుచుకున్నా ఆకారం పోదు. వెచ్చగా ఉండగానే తీసేస్తున్నాం. తీశాక కూడా సాయంత్రం దాకా, రేపటి దాకా ముడుచుకుంటూనే ఉంటుంది. పట్టుకునేవాడు లేడు. విచ్చుకుపోతుంది. దాన్ని నేను లాగి దారికి తెస్తున్నాననుకున్నాను."

"అంటే తప్పు నీళ్ళది కాదు."

"కాదు."

"మీ చెయ్యి."

"నా చెయ్యి," అంది. "మీ తొందర."

అతను ఆ మాటకి కోపం తెచ్చుకోలేదు. వంగి ఇంకో తొడుగు తీసి పగులు తడిమి చూశాడు. పక్కగదిలో తాత సుత్తితో పాత అచ్చు పగలగొడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"రేపటిదాకా అచ్చు మీద ఉంచితే?"

"సరిచెయ్యాల్సిన పనే ఉండదు. నిన్న నేను పట్టీని మడిచినంతగా ఏ పాదమూ దాన్ని మడవదు."

"రేపటిదాకా ఉంచితే వీళ్ళెక్కడుంటారు మేడమ్?" కిటికీలోంచి వరండా చూపించాడు. బెంచీల మీద, మెట్ల మీద, గోడల వారన సంచులు ముందు పెట్టుకుని జనం. "ఈవిడ ఉంది చూడండి, ఆకుపచ్చ చీర. మూడు బస్సులు మారి వచ్చింది. ఆవిడకి ఏం చెప్పమంటారు?"

కాళ్ళత్త కిటికీ దగ్గరకి వచ్చి చూసింది. ఇన్నాళ్ళూ తను గెలవడం గురించే ఆలోచించింది గానీ, గెలిచాక ఆ ఆకుపచ్చ చీర ఎక్కడ పడుకుంటుందో ఆలోచించలేదు.

*

పిట్ట వాళ్ళకి ఫోన్ చేసింది ఆవిడే. "రెండు రోజులు రావాలమ్మా. ఒకరోజు కొలతకి, మర్నాడు తొడగడానికి."

అవతల చాలాసేపు ఇస్త్రీ పెట్టె ఆవిరి చప్పుడు మాత్రమే వినిపించింది. "మళ్ళీ రెండు రోజులా? మా ఓనరు ఈసారి ఇంక రావద్దంటాడు. వానాకాలం అయ్యాకన్నారుగా మేడమ్, అప్పుడే వస్తాం."

"ఇప్పుడే రండి. సార్ ఒప్పుకున్నారు. నా మాట వినండి."

వచ్చారు. అచ్చు కోసం పిట్ట కాలికి తడి ప్లాస్టర్ పట్టీలు చుడుతుంటే గిలిగింతలని నవ్వింది గానీ, నవ్వుతూ తల్లి వైపు చూసి మళ్ళీ బిగుసుకుని కూర్చుంది. తాత ప్లాస్టర్ పోసి, మధ్యాహ్నానికి అచ్చు నున్నగా రుద్ది తెచ్చాడు. షీటు వేశారు, పంపు నడిపారు. తాత బకెట్ ఎత్తబోతే కాళ్ళత్త ఆయన చేతిలోంచి తీసి పక్కన పెట్టింది. అచ్చుని ప్లాస్టిక్‌తో సహా మూలనున్న అరలో పెట్టి గుడ్డ కప్పింది.

మర్నాడు గుడ్డ తీసి చెయ్యి వేసింది. రాయిలా చల్లగా ఉంది. కోసి, అంచులు రుద్ది, నున్నగా చేసి, పిట్ట కాలికి పెట్టింది. మడమ గూట్లో కూర్చున్నట్టు కూర్చుంది. కోణం చూసింది. ఇంకోసారి చూసింది. గన్ వైపు చెయ్యి పోలేదు.

పిట్ట లేచి నిలబడింది. వరండాలోకి నడిచింది. ఎలా నడిచిందంటే, నిండు గిన్నె నెత్తిన పెట్టుకున్నదానిలా, ఒక్కో అడుగూ చూసి చూసి వేస్తూ నడిచింది. తల్లి పక్కన వంగి చేతులు చాచి నడుస్తోంది. వరండా నిండా ఎప్పటిలాగే జనం. ఎదురుగా వస్తున్న ఇన్‌ఛార్జిని చూసి తల్లి ఆగి, చేతులు జోడించింది.

"ఈసారి జాగ్రత్తగా చూసుకుంటాను సార్. బడి మానిపించేశాను. ఇంట్లో కూర్చోబెట్టే ఉంచుతాను. ఇంక విరగదు."

ఇన్‌ఛార్జి ఏదో అనబోయాడు. అతను ఏమనేవాడో ఎవరికీ తెలీదు. ఈలోగా వెనక నుంచి కాళ్ళత్త గొంతు వచ్చింది.

"కూర్చోబెట్టకండి. మీ పాప తప్పేం లేదు. మూడు తొడుగులూ ఇక్కడే పాడయ్యాయి. నా చేతిలో పాడయ్యాయి."



తల్లి ఆవిడ వైపు తిరిగింది. మొదట అర్థం కానట్టు చూసింది. తర్వాత ఆ అర్థం కానితనం మెల్లగా పోయి, ఇన్నాళ్ళూ ఆ మొహంలో లేనిదేదో వచ్చింది.

"మరి నేను దీన్ని కొట్టిందో?" అంది.

కాళ్ళత్త తల దించుకుంది.

"మూడుసార్లు చెప్పింది గెంతలేదని. మూడుసార్లూ కొట్టాను. మీ అందరి ముందూ కొట్టాను. అప్పుడు మీరక్కడే కూర్చుని ఉన్నారు కదా? బడి మానిపించాను. పక్కింటి పిల్లలొస్తే తలుపేశాను. కిటికీలోంచి చూస్తూ కూర్చునేది. ఇప్పుడొచ్చి ఇక్కడే పాడయ్యాయంటారా? ఇంత నింపాదిగా?" గొంతు పైకి పోతోంది.  "ఏం మనుషులు మీరు?"

కాళ్ళత్త చెప్పుకోవడానికి బోలెడుంది. నేను మొదట్నించీ మీ వైపే ఉన్నాను అనొచ్చు. మీ కోసం పోట్లాడాను అనొచ్చు. ఒక్కటీ నోటిదాకా రాలేదు. నిలబడి అన్నీ పడింది.

పిట్ట తల్లి కొంగు లాగింది. "అమ్మా, ఇంక చాలు." తర్వాత కాళ్ళత్తని అడిగింది, "ఇది కూడా విరిగితే ఎవర్ని తిడతారు?"

"నన్ను."

"గట్టిగానా?"

"గట్టిగానే."

పిట్ట ఆ మాటని కాసేపు నమిలి, తల్లి చెయ్యి వదిలేసి, గోడ దాకా ఒక్కతే వెళ్ళి తిరిగొచ్చింది. గెంతలేదు. కానీ ఈసారి కింద చూడకుండా నడిచింది.

అప్పుడు బెంచీ మీంచి ఒకాయన లేచాడు. ఒళ్ళో నాలుగేళ్ళ బాబు. "మేడమ్, మరి మా వాడికి పోయిన నెల ఇచ్చింది?"

ఆయన పక్కావిడ కూడా లేచింది. "మాది కూడా పోయిన నెలదే. ఒక్కరోజులో ఇచ్చిందే." మెట్ల మీది వాళ్ళు ఇటు తిరిగారు. ఎవరో పిల్ల కాలు ఎత్తి పట్టుకుని తొడుగు మీద చేత్తో తడుముతున్నారు. ఎవరికీ ఏం వెతకాలో తెలీదు, కానీ అందరూ వెతుకుతున్నారు.

కాళ్ళత్త ఇన్‌ఛార్జి వైపు చూసింది. అతని మొహం పాలిపోయి ఉంది. పైనుంచి ఎవరొచ్చి ఏం అడుగుతారో, ఎన్ని తొడుగులు వెనక్కొస్తాయో, ఎంతమంది ఈ వరండాలో మళ్ళీ చాపలు పరుచుకోవాలో, అదంతా ఆ మొహంలో కనపడుతోంది. ఒక్క మాట చాలు అతనికి. 'అది ఆ పాప ఒక్కదాని విషయంలో జరిగింది' అంటే చాలు, అందరూ మళ్ళీ కూర్చుంటారు. ఆవిడ ఆ మాట కోసం ఎదురుచూసింది. అతను అంటే తనేమనాలో కూడా అనుకుంది.

అతను అనలేదు. కాలర్ దగ్గర బొత్తాం విప్పుకుని, బాబుని ఎత్తుకున్నాయన ముందుకొచ్చి, వరండా గచ్చు మీద చతికిలబడ్డాడు. "బూటు తియ్యండి," అన్నాడు. తనే పట్టీలు ఊడదీశాడు. చేతకాక ఒకటి తిరగేసి లాగితే బాబు కెవ్వుమన్నాడు. "సారీ, సారీ నాన్నా," అని, తొడుగు తీసి, వెలుతురు పడేలా పైకెత్తి, చీలమండ లోపలివైపు తిప్పి చూశాడు.

పగులు లేదు. గోరంత తెల్లటి గీత ఉంది. దాని మీద బొటనవేలితో రాశాడు. చెరగలేదు.

"బాగానే ఉంది కదా సార్?" అన్నాడు తండ్రి.

"లేదు," అన్నాడు ఇన్‌ఛార్జి. తొడుగు వెనక్కి చాచి, చూడకుండానే కాళ్ళత్త చేతికిచ్చి, పక్క పిల్ల బూటు మీదకి వంగాడు.